ఆగకుండా పారే ఫ్లష్ ట్యాంకు: కారణం కనిపెట్టి సరిచేసుకునే విధానం

ఫ్లష్ చేసిన తరువాత ట్యాంకు నిండగానే నీటి శబ్దం పూర్తిగా ఆగిపోవాలి. అలా ఆగకుండా సన్నని శబ్దం ఎడతెగక వినిపిస్తున్నా, కమోడ్ లోపలి గోడ వెంట ఒక నీటి చార ఎప్పుడూ కదులుతున్నా, ఎవరూ మీట నొక్కకుండానే ట్యాంకు అప్పుడప్పుడు తనంతట తానే కొద్దిసేపు నిండి ఆగుతున్నా, లోపలి నీరు ఏదో ఒక దారిన కమోడ్‌లోకి పోతున్నదని అర్థం. ఈ ప్రవాహం చూడటానికి చాలా చిన్నది. అయినా నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున కారితే రోజు తిరిగేసరికి 144 లీటర్లు అవుతుంది. ఒక్కసారికి 6 లీటర్లు వాడే ట్యాంకుకు అది 24 ఫ్లష్‌ల నీరు. అంత నీరు, ఎవరూ వాడకుండానే పోతున్నదన్నమాట.

సాధారణంగా దీనికి రెండు రకాల పరిష్కారాలు కనిపిస్తాయి. కొందరు ట్యాంకుకు నీరు వచ్చే యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయిని కట్టేసి, అవసరమైనప్పుడల్లా తిప్పుకుంటూ నెలలు గడిపేస్తారు. మరికొందరు కారణం తెలియకుండానే లోపలి సామగ్రి మొత్తాన్ని మార్పించేస్తారు. మొదటి పద్ధతిలో రోజూ తిరిగే కాక్ అరిగి, అది కూడా కారడం మొదలుపెడుతుంది. రెండో పద్ధతిలో ఒక చిన్న రబ్బరు వాషర్ మారిస్తే సరిపోయే చోట అనవసరమైన ఖర్చు అవుతుంది. పైగా కారణం మరొకటైతే కొత్త సామగ్రి పెట్టినా నీరు కారుతూనే ఉంటుంది. అందుచేత ఈ పనిలో మరమ్మతు కంటే నిర్ధారణే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నిర్ధారణకు కావలసినవి ఒక పెన్సిల్, ఒక లీటరు సీసా, అరగంట ఓపిక.

ట్యాంకు లోపల ఏమి జరుగుతుంది

లోపలి భాగాలు కంపెనీని బట్టి రకరకాలుగా కనిపించినా అవి చేసే పనులు మూడే. ఒకటి, నీటిని లోపలికి వదిలి, నిర్ణీత మట్టానికి చేరగానే ఆపేసే ఇన్‌లెట్ వాల్వ్. దానిని తెరిచేదీ మూసేదీ నీటిపై తేలే ఫ్లోట్. పాత రకాల్లో ఇది పొడవాటి కడ్డీ చివరన ఉండే బంతి రూపంలో ఉంటుంది, కొత్త రకాల్లో వాల్వ్ కాండాన్ని అంటిపెట్టుకుని పైకీ కిందికీ జరిగే డబ్బా రూపంలో ఉంటుంది. రెండు, ట్యాంకు అడుగున నీటిని కమోడ్‌లోకి వదిలే ఫ్లష్ వాల్వ్. దాని నోటిని కొన్ని ట్యాంకుల్లో ఫ్లాపర్ అనే రబ్బరు మూత మూసి ఉంచుతుంది, రెండు బటన్ల ట్యాంకుల్లో నిలువు గొట్టం అడుగున ఉండే గుండ్రని సీల్ వాషర్ మూసి ఉంచుతుంది. మూడు, ఓవర్‌ఫ్లో పైపు. ఇన్‌లెట్ వాల్వ్ సకాలంలో మూసుకోకపోతే నీరు ట్యాంకు అంచు దాటి నేలపాలు కాకుండా ఈ పైపు ద్వారా కమోడ్‌లోకి దిగిపోతుంది.

దీనిని బట్టి నీరు కమోడ్‌లోకి పోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయని తెలుస్తుంది. పైనుంచి ఓవర్‌ఫ్లో పైపులోకి పొర్లడం ఒకటి, అడుగున రబ్బరు సందుల్లోంచి కారడం మరొకటి. మొదటిది జరిగితే లోపం ఇన్‌లెట్ వాల్వ్‌లో లేదా దాని అమరికలో ఉంటుంది. రెండోది జరిగితే లోపం ఫ్లష్ వాల్వ్‌లో ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ బయటికి వినిపించేది నీరు నిండుతున్న శబ్దమే కాబట్టి చాలామంది ఇన్‌లెట్ వాల్వ్‌నే అనుమానిస్తారు. నిజానికి అడుగున నీరు కారి మట్టం తగ్గినప్పుడు ఆ వాల్వ్ తెరుచుకోవడం అది సక్రమంగా పనిచేస్తున్నదనడానికే నిదర్శనం. శబ్దం ఎడతెగకుండా వస్తుంటే ఓవర్‌ఫ్లోను, ఆగి ఆగి వస్తుంటే అడుగు రబ్బరును ముందుగా అనుమానించవచ్చు. అయితే అది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు.

మూత తీసే ముందు

ట్యాంకు మూత పింగాణీది అయితే దానిని రెండు చేతులతో తిన్నగా పైకెత్తి, నేలమీద మడిచిన పాత గుడ్డపై పడుకోబెట్టాలి. గోడకు చేరవేసిన మూత జారి పగిలితే అచ్చంగా అదే కొలతతో మరొకటి దొరకడం కష్టం. రెండు బటన్ల ట్యాంకుల్లో కొన్నింటికి బటన్ చుట్టూ ఉండే రింగును అపసవ్యంగా తిప్పి తీస్తేనే మూత ఊడుతుంది, కాబట్టి గట్టిగా లాగకూడదు. ట్యాంకులో ఉన్నది కమోడ్ చేరని శుభ్రమైన నీరే కాబట్టి చేయి పెట్టడానికి సంకోచించనక్కరలేదు. లోపల క్లోరిన్ బిళ్లలు వేసే అలవాటు ఉంటే మాత్రం చేతి తొడుగులు వేసుకోవాలి. అలాంటి ట్యాంకులో వినిగర్ గాని, ఇతర ఆమ్లాలు గాని ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. క్లోరిన్ బిళ్లలకూ ఆమ్లానికీ చర్య జరిగితే విషవాయువు వెలువడుతుంది.

తరువాత ట్యాంకు కింద, గోడ దగ్గర ఉండే యాంగిల్ కాక్ పూర్తిగా మూసుకుంటున్నదో లేదో చూడాలి. కాక్ కట్టి ఒకసారి ఫ్లష్ చేయండి. ఖాళీ అయిన ట్యాంకులోకి చుక్క నీరు కూడా రాకపోతే కాక్ సరిగా ఉన్నట్టే. సన్నగానైనా నీరు వస్తుంటే ఈ పని జరిగినంతసేపు ఆ బాత్‌రూముకు వచ్చే ప్రధాన వాల్వ్‌ను కట్టుకోవాలి, లేకుంటే కింద చెప్పే పరీక్షలు తప్పుడు ఫలితాలిస్తాయి. ఏళ్ల తరబడి తిప్పని కాక్ బిగుసుకుపోయి ఉంటే స్పానర్ వేసి బలంగా తిప్పవద్దు. దాని మెడ విరిగితే చిన్న లీకు పోయి పెద్ద వరద మొదలవుతుంది.

పెన్సిల్ గీత పరీక్ష

కాక్ తెరిచి ట్యాంకును నిండనివ్వండి. నీటి మట్టం ఓవర్‌ఫ్లో పైపు పై అంచుకు ఎంత దూరంలో ఆగిందో చూడండి. అంచు దాటి లోపలికి పొర్లుతుంటే మొదటి దారి కళ్లెదుటే దొరికినట్టే. అయినా పరీక్షను అక్కడితో ఆపకూడదు, ఎందుకంటే పాతబడిన ట్యాంకుల్లో రెండు లోపాలూ కలిసి ఉండటం అరుదేమీ కాదు.

ఇప్పుడు కాక్ కట్టండి. నీటి ఉపరితలం నిశ్చలమయ్యాక, ట్యాంకు లోపలి గోడపై సరిగ్గా నీటి అంచు వద్ద పెన్సిల్‌తో గీత గీయండి. అరగంట పాటు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూసుకోండి. ఆ తరువాత నీరు ఎక్కడ ఉన్నదో చూస్తే లోపం ఎక్కడున్నదో దాదాపుగా తేలిపోతుంది.

నీరు గీత వద్దే ఉంటే అడుగు రబ్బరు చక్కగా మూసుకుంటున్నది, లోపం ఇన్‌లెట్ వాల్వ్ వైపు ఉన్నది. నీరు తగ్గి ఉంటే కాక్‌ను అలాగే కట్టి ఉంచి మరికొన్ని గంటలు వదిలేయండి, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఎక్కడ ఆగిందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. ఫ్లష్ వాల్వ్ నోటి అంచు దాకా దిగి అక్కడ ఆగితే, లోపం ఫ్లాపర్‌లో లేదా సీల్ వాషర్‌లో ఉన్నది. ఆ నోటికంటే బాగా పైన, మధ్యలో ఎక్కడో ఆగిపోతే ఓవర్‌ఫ్లో పైపుకు ఆ ఎత్తులో పగులు ఉండవచ్చు, లేదా కొంచెం కింద చెప్పబోయే సన్నని రీఫిల్ గొట్టం నీటిని లాగేస్తూ ఉండవచ్చు. వాల్వ్ నోటికంటే కూడా కిందికి దిగిపోతే ట్యాంకుకే పగులు ఉన్నదో, అడుగు బోల్టుల వాషర్లు చెడిపోయాయో చూడాలి. అప్పుడు నీరు కమోడ్‌లోకి గాక నేలమీదికి వస్తుంది.

నీరు ఎంత పోతున్నదో కూడా ఇదే పరీక్షతో తెలుసుకోవచ్చు. అరగంట తరువాత లీటరు సీసాతో కొలుస్తూ, నీరు మళ్లీ గీతను తాకేవరకు పోయండి. అర లీటరు పట్టిందంటే రోజుకు 24 లీటర్లు పోతున్నట్టు. ఈ అంకె తెలిస్తే పనిని ఈ రోజే చేయాలా, ఆదివారం దాకా ఆగవచ్చా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోగలుగుతారు.

కావాలంటే రంగుతో కూడా రూఢి చేసుకోవచ్చు. కాక్ కట్టి, మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు కిందనే ఉన్నప్పుడు ట్యాంకు నీటిలో ఆహారపు రంగు కొన్ని చుక్కలు వేసి, ఇరవై నిమిషాలు ఆగి కమోడ్‌లోని నీటిని చూడండి. అక్కడ రంగు కనబడితే అడుగు రబ్బరు కారుతున్నదన్న మాట. చాలా నెమ్మదిగా కారే సందర్భాల్లో గీత పరీక్ష కంటే ఇది త్వరగా తేల్చి చెబుతుంది.

నీరు పైనుంచి పొర్లుతున్నప్పుడు

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయాలి. కాక్ తెరిచి ఫ్లష్ చేసి, ట్యాంకు సగం నిండేసరికి ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తి పట్టుకోండి. నీరు పూర్తిగా ఆగిపోతే వాల్వ్ లోపలి సీల్ మంచిదే, సమస్య ఫ్లోట్‌లోనో మట్టం అమరికలోనో ఉన్నది. ఎంత పైకెత్తినా నీరు సన్నగా వస్తూనే ఉంటే లోపలి సీల్‌లో మురికి చేరింది, లేదా అది అరిగిపోయింది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా వాల్వ్ కొనడానికి వెళ్లవద్దని నా మనవి.

నీరు ఆగిపోయిన సందర్భంలో చేయవలసింది మట్టాన్ని తగ్గించడమే. నిండిన నీరు ఓవర్‌ఫ్లో అంచుకు సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం కిందుగా ఆగాలి. డబ్బా రకం ఫ్లోట్‌కు పక్కన ఒక సన్నని కడ్డీపై క్లిప్పు గాని, పొడవాటి మర గాని ఉంటుంది. క్లిప్పును నొక్కి ఫ్లోట్‌ను కిందికి జరిపినా, మరను తిప్పినా మట్టం తగ్గుతుంది. మర ఏ వైపుకు తిప్పాలన్నది ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొద్దిగా తిప్పి, ఫ్లష్ చేసి, నిండాక చూసి, మళ్లీ తిప్పాలి. బంతి రకంలో కడ్డీ మొదట్లో మర ఉంటే దానిని వాడాలి. మర లేని ఇత్తడి కడ్డీని వంచవలసి వస్తే, వాల్వ్ వైపు భాగాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో బంతి వైపు భాగాన్ని కిందికి వంచాలి. వంచే బలమంతా వాల్వ్ మీద పడితే దాని ప్లాస్టిక్ మెడ చిట్లుతుంది.

మట్టాన్ని ఎంత తగ్గించినా బంతి పైకి రావడం లేదంటే దానిని మర తిప్పి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల నీటి చప్పుడు వినిపిస్తే బంతికి ఎక్కడో సన్నని రంధ్రం పడింది. సగం మునిగిన బంతి వాల్వ్‌ను మూయలేదు, దానిని మార్చడం తప్ప వేరే దారి లేదు. చప్పుడు లేకపోతే బంతి ట్యాంకు గోడకు గాని, ఓవర్‌ఫ్లో పైపుకు గాని రాసుకుంటున్నదేమో, ఫ్లష్ మీట గొలుసు ఫ్లోట్‌కు అడ్డుపడుతున్నదేమో చూడండి. డబ్బా రకం ఫ్లోట్ జరిగే కాండంపై తెల్లని గార పేరుకుంటే అది సగంలో బిగుసుకుంటుంది. తడిగుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది.

ఇక ఫ్లోట్ ఎత్తినా నీరు ఆగని సందర్భం. నీటి సరఫరా పైపుల్లో మరమ్మతు జరిగిన తరువాత, మేడమీది నీళ్ల ట్యాంకు కడిగిన తరువాత ఉన్నట్టుండి ఈ ఇబ్బంది మొదలైతే లోపల ఇసుక రేణువు ఇరుక్కున్నదని దాదాపుగా చెప్పవచ్చు. కాక్ కట్టి, వాల్వ్ పైమూతను తీయండి. నిలువు రకాల్లో చాలావాటికి మూతను కొద్దిగా నొక్కి, అపసవ్యంగా కొంచెం తిప్పితే ఊడివస్తుంది. లోపలి రబ్బరు వాషర్‌ను తీసి చూడండి. ఇప్పుడు తెరిచి ఉన్న వాల్వ్ నోటిపై ఒక గ్లాసును బోర్లించి గట్టిగా పట్టుకుని, మరొకరితో కాక్‌ను పది పదిహేను సెకన్లపాటు తెరిపించండి. వేగంగా వచ్చే నీటితో పాటు ఇసుక, తుప్పు ముక్కలు బయటికి కొట్టుకువస్తాయి. గ్లాసు అడ్డం లేకపోతే ఆ ధార పైకప్పును తాకవచ్చు. తరువాత కాక్ కట్టి, వాషర్‌ను కడిగి, దానికి సన్నని రంధ్రం ఉంటే అది పూడిపోలేదని నిర్ధారించుకుని, తీసినట్టే తిరిగి అమర్చండి. వాషర్‌పై గుండ్రని లోతైన గాడి పడి ఉన్నా, అంచు చీలి ఉన్నా శుభ్రం చేసి లాభం లేదు. అదే వాల్వ్‌కు చెందిన వాషర్ దొరికితే మార్చాలి, దొరకకపోతే వాల్వ్‌నే మార్చాలి.

పగలు బాగా పనిచేసి, రాత్రిపూట మాత్రమే పొర్లే ట్యాంకులు కొన్ని ఉంటాయి. ఇందులో వింతేమీ లేదు. వాడకం తగ్గిన వేళ పైపుల్లో నీటి ఒత్తిడి పెరుగుతుంది. పాత బంతి రకం వాల్వులు ఆ ఒత్తిడిని ఎదిరించి మూసుకోవడానికి బంతి మరికొంత పైకి తేలవలసి వస్తుంది కాబట్టి మట్టం కొద్దిగా పెరుగుతుంది. అందువల్ల మట్టాన్ని ఓవర్‌ఫ్లో అంచుకు ఆనించి పెట్టకుండా అంగుళం జాగా వదలడం అవసరం. కాక్‌ను కొద్దిగా బిగించి ప్రవాహాన్ని తగ్గించడం దీనికి మందు కాదు. నీరు పారుతున్నంతసేపే కాక్ దానిని అణచగలదు, ట్యాంకు నిండి ప్రవాహం ఆగే వేళకు వాల్వ్‌పై పూర్తి ఒత్తిడి పడుతుంది.

రీఫిల్ గొట్టం సంగతి

ఇన్‌లెట్ వాల్వ్ నుంచి ఓవర్‌ఫ్లో పైపులోకి ఒక సన్నని మెత్తని గొట్టం వెళ్తుంది. ట్యాంకు నిండుతున్నప్పుడు కొంత నీటిని కమోడ్‌లోకి పంపి, అక్కడి వంపులో నిలవ ఉండవలసిన నీటిని పూరించడం దాని పని. ఆ నిలవ నీరే మురుగు పైపు దుర్వాసనను ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. కనుక నీరు కారుతున్నదని ఈ గొట్టాన్ని పీకి ట్యాంకులో వదిలేయడం సరికాదు. అయితే గొట్టం చివర ఓవర్‌ఫ్లో పైపు లోపలికి లోతుగా, ట్యాంకు నీటి మట్టానికంటే కిందికి దిగి ఉంటే అది సైఫన్‌లా, అంటే నీటిని అంచు మీదుగా తనంతట తానే కిందికి లాగే గొట్టంలా మారి ట్యాంకు నీటిని నెమ్మదిగా లాగేయవచ్చు. గొట్టాన్ని పొట్టిగా కత్తిరించి, దాని చివర ఓవర్‌ఫ్లో అంచుకు పైనే నిలిచేలా క్లిప్పుతో బిగించాలి.

అడుగునుంచి కారుతున్నప్పుడు: ఫ్లాపర్

ఫ్లాపర్‌ను మార్చే ముందు దాని గొలుసును చూడాలి. గొలుసు మరీ బిగుతుగా ఉంటే ఫ్లాపర్ పూర్తిగా కూర్చోలేదు. మరీ వదులుగా ఉంటే దాని లింకు ఒకటి ఫ్లాపర్ కింద చిక్కుకుని మూత సందు వదులుతుంది. ఫ్లాపర్ మూసి ఉన్నప్పుడు గొలుసులో సుమారు 12 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. మిగిలిన తోకను కత్తిరించేయాలి. మీట నొక్కిన తరువాత తిరిగి పైకి రాకుండా బిగుసుకుంటున్నట్టయితే దాని ఇరుసు వద్ద గార తొలగించండి. మీటను బిగించే లోపలి నట్టు చాలా ట్యాంకుల్లో ఎడమ మరతో ఉంటుంది, అంటే మామూలు నట్టుకు విరుద్ధంగా సవ్యదిశలో తిప్పితే వదులవుతుంది. ఈ సంగతి తెలియక వదులు చేస్తున్నామనుకుని బిగించేసి, పింగాణీని చిట్లించిన వారున్నారు.

గొలుసు సరిగానే ఉంటే, నీరు కారుతున్న సమయంలో ఒక కర్రతో ఫ్లాపర్‌ను పైనుంచి మెల్లగా నొక్కి పట్టండి. కారడం ఆగితే రబ్బరు గట్టిపడి తన ఆకారం కోల్పోయింది. కాక్ కట్టి, ఫ్లష్ చేసి, ఫ్లాపర్ అడుగు అంచును వేలితో తడమండి. వేలికి నల్లని మసి అంటుకుంటే రబ్బరు కుళ్లిపోయినట్టే, దానిని ఎంత కడిగినా ప్రయోజనం లేదు. క్లోరిన్ బిళ్లలు ట్యాంకులో వేసే ఇళ్లలో ఫ్లాపర్లు ముందుగా పాడవడానికి కారణం ఆ బిళ్లలే. కమోడ్ శుభ్రత కోసం ట్యాంకులోని ప్రతి రబ్బరును బలిపెట్టడం ఏ విధంగా చూసినా మంచి బేరం కాదు.

అదే చేత్తో ఫ్లాపర్ కూర్చునే అంచును కూడా తడిమి చూడాలి. ఈ పనిని ఎక్కువమంది మరచిపోతారు. గార గరుకుగా తగిలితే కొత్త ఫ్లాపర్ పెట్టినా కారుతుంది. ప్లాస్టిక్ అంచు అయితే మెత్తని గుడ్డతో మాత్రమే రుద్దాలి, గీతలు పడితే నీటికి మనమే కాలువ తవ్వి ఇచ్చినట్టవుతుంది. ఇత్తడి అంచు అయితే చాలా సన్నని ఎమరీ కాగితంతో గుండ్రంగా, తేలికగా రుద్దవచ్చు. మొండి గారను క్లోరిన్ బిళ్లలు వాడని ట్యాంకులోనైతే వినిగర్‌లో ముంచిన గుడ్డను అరగంట చుట్టి ఉంచి మెత్తబరచవచ్చు.

కొత్త ఫ్లాపర్ కొనేటప్పుడు పాతదానిని వెంట తీసుకువెళ్లడం అన్నిటికంటే మేలు. ఇవి ప్రధానంగా రెండు అంగుళాలు, మూడు అంగుళాల వాల్వ్ నోళ్లకు సరిపడేవిగా దొరుకుతాయి, ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. ఓవర్‌ఫ్లో పైపుకు రెండు వైపులా చిన్న కొమ్ములుంటే ఫ్లాపర్ చెవులను వాటికి తగిలించాలి. కొన్ని కొత్త ఫ్లాపర్లకు చెవులతో పాటు పైపు చుట్టూ తొడిగే రబ్బరు రింగు కూడా ఉంటుంది. అది కొమ్ములు లేని పైపుల కోసం ఉద్దేశించినది. కొమ్ములున్న పైపుకు అమర్చేటప్పుడు ఆ రింగును కత్తిరించి తీసేయకపోతే ఫ్లాపర్ పక్కకు నెట్టబడి సరిగా మూసుకోదు.

రెండు బటన్ల ట్యాంకు

ఇక్కడ ముందుగా చేయవలసిన పరీక్ష చాలా సులువైనది. నీరు కారుతుండగా మూతను బటన్లతో సహా పైకెత్తండి. వెంటనే కారడం ఆగిపోతే లోపం వాల్వ్‌లో లేదు. బటన్ల కింద ఉండే కడ్డీలు పొడవు ఎక్కువై వాల్వ్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కి ఉంచుతున్నాయి. కడ్డీలను మర తిప్పి పొట్టిగా చేసి, నొక్కనప్పుడు వాటికీ వాల్వ్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చూసుకోవాలి. తాడు వంటి కేబుల్‌తో పనిచేసే రకమైతే ఆ కేబుల్ ఎక్కడా మడతపడి బిగుసుకోలేదని చూడాలి.

మూత ఎత్తినా నీరు కారుతుంటే కాక్ కట్టి, నీరు ఖాళీ చేసి, మధ్యనున్న నిలువు భాగాన్ని బయటికి తీయాలి. చాలా రకాల్లో దానిని అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే అడుగు పీట నుంచి విడివడుతుంది. కొన్నింటికి పక్కన నొక్కే కొక్కేలుంటాయి. దాని అడుగున ఉన్న గుండ్రని సీల్ వాషర్‌ను వేలితో వంచి తీసి, గోరువెచ్చని నీటిలో కడిగి, రెండు వైపులా పరిశీలించండి. జిడ్డు, పాచి, సన్నని రేణువులు మాత్రమే ఉంటే శుభ్రం చేసి తిరిగి పెడితే చాలు, చాలాసార్లు సమస్య ఇంతటితో తీరిపోతుంది. ఒకవైపు మాత్రమే గాడి పడి, వాషర్ చదునైనది అయితే తిరగేసి పెట్టి కొంతకాలం నెట్టుకురావచ్చు, అయితే ఇది కొత్త వాషర్ దొరికేవరకే. తిరిగి అమర్చేటప్పుడు గొట్టం పూర్తిగా కూర్చుని, తిరిగి టక్కున బిగిసిందో లేదో చేత్తో కదిపి చూడాలి. సగం బిగిసిన గొట్టం ముందుకంటే ఎక్కువగా కారుతుంది. ఈ రకంలో ఓవర్‌ఫ్లో పైపు ఆ గొట్టం మధ్యలోనే ఉంటుంది. దాని ఎత్తును మార్చే వీలుంటే అది నీటి మట్టానికంటే కిందికి జారిపోయి లేదని కూడా చూసుకోవాలి.

గోడలో దాచిన ట్యాంకులకు కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి. బటన్ల పలకను తీస్తే లోపల చిన్న కిటికీ వంటి ఖాళీ కనిపిస్తుంది, ట్యాంకుకు ప్రత్యేకంగా నీరు ఆపే చిన్న కాక్ సాధారణంగా అక్కడే ఉంటుంది. లోపలి భాగాలన్నీ ఆ ఖాళీ గుండానే బయటికి వచ్చేలా చేస్తారు కాబట్టి గోడ పగలగొట్టవలసిన అవసరం రాదు. ఏ భాగం ఏ వరుసలో బయటికి వచ్చిందో ఫొటోలు తీసుకుంటూ పోవడం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది.

పాత సైఫన్ ట్యాంకులు వేరు. వాటిలో అడుగున మూసే రబ్బరు ఉండదు, మీట లాగినప్పుడు నీరు వంపు గొట్టం మీదుగా ఎగసి కిందికి దూకుతుంది. అందుచేత ఇవి అడుగునుంచి కారవు. ఫ్లష్ చేసిన తరువాత నీరు ఆగకుండా దూకుతూనే ఉంటే, ట్యాంకు ఖాళీ అవుతున్నంత వేగంగా కొత్త నీరు వచ్చి పడుతుండటం వల్ల సైఫన్‌లోకి గాలి చొరబడటం లేదని అర్థం. యాంగిల్ కాక్‌ను కొద్దిగా బిగించి నీటి రాకను తగ్గిస్తే సైఫన్ తెగుతుంది.

ఇన్‌లెట్ వాల్వ్ మొత్తాన్ని మార్చవలసి వస్తే

కాక్ కట్టి, ఫ్లష్ చేసి, అడుగున మిగిలిన నీటిని స్పాంజితో తీసేయండి. కింద బకెట్టు పెట్టి, కాక్ నుంచి ట్యాంకుకు వచ్చే కనెక్షన్ పైపును ట్యాంకు వైపు విప్పండి. లోపల వాల్వ్‌ను ఒక చేత్తో పట్టుకుని, ట్యాంకు కిందనున్న పెద్ద నట్టును విప్పితే పాతది పైకి వచ్చేస్తుంది. కొత్తది బిగించే ముందు కనెక్షన్ పైపు చివరను బకెట్టులో ఉంచి కాక్‌ను కొద్దిసేపు తెరవండి. పైపులో ఉన్న మురికి కొత్త వాల్వ్‌లోకి పోకుండా ఉండటానికి ఇది తప్పనిసరి. రబ్బరు వాషర్ ట్యాంకు లోపలి వైపునే రావాలి. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, ఆపై పావు చుట్టు మాత్రమే స్పానర్‌తో తిప్పాలి. ఇక్కడ నీటిని ఆపేది వాషరే కాబట్టి మరకు టెఫ్లాన్ టేపు చుట్టడం అనవసరం. వాల్వ్ ఎత్తును మార్చే వీలుంటే దానిపై గుర్తించిన గీత ఓవర్‌ఫ్లో అంచుకు అంగుళం పైన ఉండేలా అమర్చి, రీఫిల్ గొట్టాన్ని క్లిప్పుతో బిగించి, మట్టాన్ని ముందు చెప్పిన విధంగా సరిచేయాలి.

ఓవర్‌ఫ్లో పైపు పగిలినా, ఫ్లష్ వాల్వ్ పీటే దెబ్బతిన్నా, కమోడ్ మీద కూర్చుండే ట్యాంకును బోల్టులు విప్పి కిందికి దించవలసి ఉంటుంది. ట్యాంకుకూ కమోడ్‌కూ మధ్య ఉండే మందపాటి వాషర్‌ను, బోల్టుల వాషర్లను అప్పుడే కొత్తవి వేయాలి, రెండు బోల్టులనూ ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా, సమానంగా బిగించాలి. పట్టుకోవడానికి రెండో మనిషి లేనప్పుడు ఈ పనికి ప్లంబర్‌ను పిలవడమే మంచిదని నా అభిప్రాయం. ట్యాంకుకే పగులు ఉంటే అంటించి వాడే ప్రయత్నం చేయవద్దు. నిండు ట్యాంకు బరువుకు అది ఎప్పుడు విడిపోతుందో చెప్పలేము.

మరమ్మతు తరువాత

ఏ భాగం మార్చినా పెన్సిల్ గీత పరీక్షను, రంగు పరీక్షను మరోసారి చేయండి. ఆ తరువాత కాక్ తెరిచి, మూడు నాలుగుసార్లు ఫ్లష్ చేసి, ప్రతిసారీ నీరు ఒకే మట్టం వద్ద ఆగుతున్నదో లేదో చూడండి. ట్యాంకు కింది నట్టు చుట్టూ, కనెక్షన్ పైపు రెండు చివరల వద్ద పొడి కాగితం ముక్కను అద్ది చూసి, మర్నాడు ఉదయం అదే పరీక్షను మళ్లీ చేయండి. కాగితం తడిస్తే ఆ నట్టును ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే బిగించి, కొన్ని గంటల తరువాత తిరిగి చూడండి. అప్పటికీ తడి కనిపిస్తే మరింత బిగించకుండా, కాక్ కట్టి నట్టును విప్పి, వాషర్ మడతపడకుండా మళ్లీ కూర్చోబెట్టండి.